చెవి వెనక ఒక చుక్క

సద్దుల బతుకమ్మకు ఇంకా ఒక్క రోజుంది. కరీంనగర్ మంకమ్మతోటలో ఒక ఇంటి వరండా నిండా గునుగు పువ్వు. పక్కన గంపలో తంగేడు, సంచిలో బంతి, సీతజడ. మూడు గిన్నెల్లో నీళ్లలో కలిపిన రంగులు: గులాబీ, ఊదా, ఆకుపచ్చ. గునుగు కట్టలు కట్టి, కొసలు కోసి, రంగులో ముంచి, చాటలో ఆరబెట్టాలి. ఈ పని ఏటా ఆ ఇంటి ఆడబిడ్డది. ఉట్నూరు చుట్టుపక్కల ప్రభుత్వ ఆస్పత్రుల్లో ముప్ఫై ఏళ్లు ఫార్మసిస్టుగా చేసి రిటైరైన ఆమె పండుగకు ఆదిలాబాద్ నుంచి తమ్ముడింటికి వస్తుంది. తమ్ముడి భార్యకు అదే వీధి మలుపులో బ్యూటీ పార్లర్ ఉంది. పన్నెండేళ్లుగా నడుపుతోంది.

ఈసారి మరదలు రంగు గిన్నెల దగ్గరికి రాలేదు.

"చేతులు మండుతున్నయ్ వదినె. నువ్వు ముంచు, నేను కట్టలు గడ్త."

వదిన ఆమె చేతులు పట్టుకుని వెలుగులోకి తిప్పి చూసింది. వేళ్ల సందుల్లో ఎర్రగా పొక్కిన చర్మం, కణుపుల దగ్గర చీలికలు. రోజంతా తలలు కడిగేవాళ్లకు, రంగులు వేసేవాళ్లకు ఏ దేశంలోనైనా వచ్చే వృత్తి జబ్బు ఇది. నీళ్లూ షాంపూ కలిసి చర్మం మీది నూనె పొరను కడిగేస్తాయి. ఆ పొర పోయాక, తాకినవి మరింత సులువుగా లోపలికి దిగుతాయి.

"అందుకే ఒకటి అనుకున్న," అన్నది మరదలు. "దీపావళి తర్వాత నా పార్లర్ల కెమికల్ అన్నది ఉండది. సల్ఫేట్, పారబెన్, అమ్మోనియా అన్ని బంద్. మొత్తం నేచురల్. బోర్డు గూడ రాయించిన."

"కెమికల్ కానిదేముంటదే? నీళ్లు గూడ కెమికలేనాయె."

"గా మాట మస్తుమంది చెప్పిన్రు. పగిలినయ్ మాత్రం నా చేతులు."

వదిన చేతిలోని గునుగు కట్ట పక్కన పెట్టింది. "సరే, బంద్ చేసినవ్. వాటి జాగల ఏం తెచ్చినవ్?"

మరదలు లోపలికి వెళ్లి ఒక అట్టపెట్టె తెచ్చింది. అందులో పెద్ద పెద్ద పొట్లాలు, వాటి మీద పచ్చటి ఆకు బొమ్మ, 'హెర్బల్ నల్ల మెహందీ' అన్న పేరు. అరగంటలో తెల్లజుట్టు నల్లబడుతుందన్న హామీ కూడా. వదిన కళ్లద్దాలు సర్దుకుని ఒకదాన్ని వెనక్కి తిప్పింది. చీమంత అక్షరాల్లో గోరింటాకు పొడి, ఉసిరి, గుంటగలగర, ఆ తర్వాత ఇంకో పేరు. దాని మీద వేలు పెట్టింది. పారాఫినైలిన్‌డయామిన్. పొట్టిగా పీపీడీ.

"నువ్వు బంద్ చేసిన డబ్బాలల్ల ఉన్నది గూడ ఇదే గదనే."

మరదలు పొట్లం లాక్కుని తనే చదివింది. రెండోసారి చదివింది. మాట్లాడలేదు.

గోరింటాకుకు రంగునిచ్చే పదార్థం లాసోన్. దానితో వచ్చేది ఎరుపు కలిసిన గోధుమరంగే, నలుపు కాదు. నీలిమందు ఆకు పొడిని కూడా జోడిస్తే నలుపుకు దగ్గరగా వస్తుంది, అయితే దానికి గంటలు పడుతుంది. అరగంటలో కాకి నలుపు వచ్చిందంటే అందులో చాలావరకు పీపీడీయో, దాని తోబుట్టువో ఉన్నట్టే. ప్రపంచమంతటా తలరంగుల్లో వాడేది ఇదే, అలర్జీ తెచ్చే పదార్థాల్లో ముందు వరసలో ఉన్నదీ ఇదే. అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ వైద్యుల సంఘం ఏటా ప్రకటించే 'ఈ ఏటి అలర్జీ కారకం'గా 2006లో దీన్నే ఎంచింది. 1933లో అదే దేశంలో కనురెప్పలకు వేసుకునే లాష్ ల్యూర్ అనే రంగులో ఇది ఉండి ఆడవాళ్ల చూపు పోయింది, ఒకామె చనిపోయింది. సౌందర్య సాధనాలను చట్టం కిందికి తెచ్చిన 1938 నాటి అమెరికా శాసనం వెనక ఆ ముఖాలున్నాయి.

"మొదటిసారి ఏం గాదు," అన్నది వదిన. "రెండోసారి, ఐదోసారి గూడ ఏం గాకపోవచ్చు. లోపల ఒంటికి మాత్రం అది గుర్తుంటది. ఒకనాడు తెల్లారి లేచేసరికి కండ్లు మూసుకపోయేటట్టు మొఖం వాస్తది. గప్పటి నుంచి జన్మల అది పడది. గిట్లొచ్చిన ప్రతి మనిషి నాతోని ఒకటే మాట అన్నది: అమ్మా, పదేండ్ల సంది ఏస్కుంటున్న, ఎన్నడు ఏం గాలే అని."

మన చట్టానికి ఈ సంగతి తెలియక కాదు. పీపీడీ లాంటివి ఉన్న తలరంగు మీద హెచ్చరిక ఇంగ్లిషులోనూ స్థానిక భాషలోనూ ఉండాలి, అదీ లోపలి లేబుల్ మీద, బయటి లేబుల్ మీద. ఏం చేయాలో కూడా అందులోనే ఉంటుంది. చెవి వెనక గానీ ముంజేతి లోపలి వైపు గానీ కొంచెం రంగు రాసి, ఆరనిచ్చి, ఇరవై నాలుగు గంటలు చూడాలి. దురద, ఎరుపు లేకపోతేనే తలకు పెట్టాలి. ఒక్కసారి చేసి ఊరుకుంటే చాలదు, వేసుకునే ప్రతిసారీ చేయాలి. కనుబొమలకు, రెప్పలకు ఎన్నడూ వాడకూడదు, చూపు పోవచ్చు.

"నువ్వు చెప్పుడు అల్కనే వదినె. పెండ్లిపిల్ల తల్లి పొద్దుగాల తొమ్మిదింటికొస్తది, పదకొండింటికి ఫంక్షన్ హాల్ల ఉండాలంటది. ఇరవై నాలుగు గంటలు ఆగు అంటె పక్క పార్లర్‌కు పోతది. పన్నెండేండ్లల్ల ఒక్కతి గూడ నన్ను టెస్ట్ చెయ్యుమని అడుగలే."

"అడుగరు. నువ్వు చెప్పాలె."

"చెప్తె ఇల్లు గడుస్తదా?"

ఈ ప్రశ్నకు వదిన దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. రూలు ఇంగ్లిషులో ఉన్నా తెలుగులో ఉన్నా, దాన్ని అమలు చేసే భారం చివరికి పార్లర్ అద్దం ముందు నిలబడ్డ ఒక్క మనిషి మీదే పడుతుంది.

గిన్నెల్లో రంగు చల్లారి పైన మీగడ కట్టింది. మాట పారబెన్ల మీదికి మళ్లింది.

"పారబెన్ అంటె క్రీము పాడుగాకుండ ఏసేది," అన్నది వదిన. "మామిడికాయ తొక్కుల ఉప్పు లెక్క. అది తీసేస్తె ఇంకోటి ఎయ్యక తప్పది. ఎయ్యకపోతె నెల రోజులల్ల బూజు బడ్తది. నువ్వు ఏళ్లు పెట్టి తీసే డబ్బా అది, ఎంతమంది ఏళ్లు?"

పారబెన్ల భయానికి మూలం 2004లో బ్రిటన్‌లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం. రొమ్ము క్యాన్సర్ గడ్డల్లో ఇరవై నమూనాలు తీసి చూస్తే పారబెన్లు కనిపించాయి. అవే క్యాన్సర్ తెచ్చాయని ఆ అధ్యయనం చూపలేదు, పోల్చడానికి ఆరోగ్యంగా ఉన్న కణజాలమూ తీసుకోలేదు. భయం మాత్రం ఊరూరా పాకింది. కంపెనీలు 'పారబెన్ లేదు' అని అచ్చు వేయడం మొదలుపెట్టి, వాటి స్థానంలో వేరే నిల్వ పదార్థాలు వేశాయి. వాటిలో ఒకటి మిథైల్ ఐసోథయాజోలినోన్. కొన్నేళ్లకే యూరప్‌లో చర్మవైద్యుల దగ్గర దాని అలర్జీలు కుప్పలుగా కనిపించాయి. 2013లో 'ఈ ఏటి అలర్జీ కారకం' అదే. రాసి కడగకుండా వదిలేసే క్రీముల్లో దాన్ని వాడకూడదని యూరోపియన్ యూనియన్ 2017లో నిలిపేసింది. 2019లో ఆ అమెరికా సంఘమే పారబెన్లను ఎంచి, 'అలర్జీ కానిది' అని ప్రత్యేకంగా పేర్కొంది. జనం భయపడి పారేసిన పదార్థం కంటే, దాని స్థానంలో తెచ్చిపెట్టుకున్నదే ఎక్కువ మందిని బాధపెట్టింది.

మరదలు తగ్గలేదు. ఆమె కూడా చదువుకునే వచ్చింది. "మరి ఏమీ లేకుంటె యూరప్‌ల 2014ల ఐదు రకాల పారబెన్లు ఎందుకు బంద్ బెట్టిన్రు? ఇంకో రెండింటిని ఎందుకు తగ్గించిన్రు? మూడేండ్ల లోపు పిల్లలకు లంగోటి కట్టే కాడ ఆ రెండు రాసుడే వద్దన్నరు. డౌటు ఉన్నదనే గద? డౌటు తీరేదాక నా కస్టమర్లు ఎలుకలా?"

"చిన్నపిల్లల సంగతి ఒప్పుకుంట," అన్నది వదిన. "పెద్దోళ్ల సంగతి వేరు. సల్ఫేటు గూడ గంతే. అది నీ చేతులను ఎండబెడ్తది, నిజమే, నువ్వు మానుడు మంచిదే. క్యాన్సర్ అని మాత్రం నీ బోర్డు మీద రాయకు. గది 1998ల ఈమెయిళ్లల్ల తిరిగిన పుకారు."

"మన అవ్వలు ఏం బెట్టిన్రు మరి? కుంకుడుకాయ, సున్నిపిండి, ఆముదం. వాళ్లకు గిన్ని తిప్పలున్నయా?"

వదిన నవ్వింది. అడవి ఆమెకు తెలిసిన చోటు. ఉట్నూరు, ఇంద్రవెల్లి దారిలో ఇప్పచెట్ల కింద వేసవి పొద్దున్నే పువ్వు ఏరే గోండు ఆడవాళ్లను, ఇప్ప గింజల నూనె చలికాలంలో పగిలిన కాళ్లకు రాయడాన్ని ఆమె చూసింది. హోలీకి మోదుగ పువ్వు ఉడికించి తీసిన కాషాయం రంగు ఆమె తెల్లచీర మీద ఎన్నోసార్లు పడింది. అదే అడవిలో నల్లజీడి చెట్టు కూడా ఉంది. దాని గింజ రసం చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. ఊళ్లలో చాకలివాళ్లు బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి ఈ రసమే వాడేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశంలో దిగిన అమెరికా సైనికులకు మెడ మీద, నడుము మీద వింత పుండ్లు లేస్తే, కారణం చొక్కా మీద పెట్టిన ఆ జీడిగుర్తేనని వాళ్ల డాక్టర్లు తేల్చారు. చెట్టు నుంచి వచ్చింది, పైసా కల్తీ లేదు, నూటికి నూరు పాళ్లు నేచురల్. నిమ్మరసం ముఖానికి రాసుకుని ఎండలోకి వెళ్తే పడే మచ్చలూ అంతే నేచురల్.

"గదే నేననేది," అన్నది మరదలు వెంటనే. "నల్లజీడి ముట్టద్దని ఊర్ల పోరగానికి గూడ ఎర్క. కుంకుడు రసం పోసేటప్పుడు కండ్లు మూసుకో అని అవ్వ ముందుగాలనే చెప్తది. తరాల కొద్ది వాడి, ఏది పడ్తదో ఏది పడదో నోటితోని చెప్పుకుంట వచ్చిన్రు. నీ పీపీడీ సంగతి ఏ అవ్వ చెప్పింది?"

ఈ వాదనలో బలమైన మాట ఇదే. 'నేచురల్' అన్న పదంలో ఆ బలం లేదు. ఆకు బొమ్మ అచ్చు వేసినంత మాత్రాన నల్లబడే పొడి గోరింటాకు అయిపోదు. పాత వస్తువులకున్న రక్షణ వాటిని వాడినవాళ్ల జ్ఞాపకంలో ఉంది. కొత్త వస్తువుకు ఆ జ్ఞాపకం ఇంకా ఏర్పడలేదు కాబట్టే దాని మీద రాత ఉండాలి.

అప్పుడు వదిన తన అసలు భయం బయటపెట్టింది. "నీ పార్లర్ల సీసాలు కాదు నాకు భయం. మెడికల్ షాపుల దొరికే ట్యూబు."

మంగుమచ్చలకని, మొటిమలకని, ఊరికే తెల్లబడాలని ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఎంతోమంది ముఖానికి రాసేది ఫేస్ క్రీము కాదు, మందు. దానిలో సాధారణంగా మూడు ఉంటాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్. ఈ మూడింటి కలయిక అమెరికాలో 1975లో క్లిగ్మన్ అనే చర్మవైద్యుడు చూపిన సూత్రం నుంచి పుట్టింది. డాక్టరు చూపుతో కొన్ని వారాలు వాడాల్సింది. మన దగ్గర దాన్ని నెలల తరబడి, కొందరైతే ఏళ్ల తరబడి, పౌడరులా రాస్తున్నారు. స్టెరాయిడ్ రాసిన మొదటి వారమే ముఖం తేటబడుతుంది, ఎందుకంటే అది చర్మంలోని రక్తనాళాలను ముడుస్తుంది. ఆ తేటదనమే ఉచ్చు. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి సన్నని ఎర్రటి దారాలు పైకి తేలతాయి, మొటిమలు లేస్తాయి, చెంపల మీద నూగు వస్తుంది. భయపడి మానేస్తే ముఖం ఎర్రగా మండుతుంది. ఆ మంట చల్లారడానికి మళ్లీ అదే ట్యూబు. తామరకు రాస్తే కాసేపు దురద తగ్గి, లోపల్లోపల ఊరంత పాకుతుంది.

కోల్‌కతా చర్మవైద్యుడు కౌశిక్ లాహిరి 2008లో దీనికి 'స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం' అని పేరు పెట్టారు. 2011లో దేశంలోని పన్నెండు కేంద్రాల్లో చేసిన ఒక పరిశీలన అచ్చయింది. ముఖం మీది చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది స్టెరాయిడ్ క్రీము రాస్తున్నవాళ్లే. వాళ్లలో దాదాపు అరవై శాతం మందికి దాన్ని చెప్పింది డాక్టరు కాదు. చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి పోరాడాక, 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పైపూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది.

"జాబితాల చేరిస్తె ఏమైంది? చీటీ అడుగుడు నేను ఎన్నడన్న చూసిన్నా?" అన్నది మరదలు. తర్వాత గొంతు తగ్గించింది. "నేను గూడ ఇచ్చిన వదినె. కొత్తల. నాకు పని నేర్పినామె చెప్పింది, పెండ్లిపిల్లకు పదిహేను రోజుల ముంగట ఈ ట్యూబు కోల్డ్ క్రీముల కలిపి ఇయ్యమని. ఒక పిల్ల ఏడాది తర్వాత వచ్చింది. మొఖం చూసి నేను గుర్తువట్టలే."

వదిన ఆమెను తిట్టలేదు. ఏమైనా ట్యూబులు మిగిలాయా అని అడిగింది. లేవన్నది మరదలు. ఎవరికైనా ఇంకా అలవాటు ఉంటే ఒక్కసారిగా ఆపమనకు, ఆదిలాబాద్ రిమ్స్‌కో ఇక్కడి పెద్ద దవాఖానకో చర్మం డాక్టర్ల దగ్గరికి పంపు, మెల్లమెల్లగా మాన్పిస్తరు అన్నది.

ట్యూబు మీద కనీసం పేరుంటుంది. అదీ లేని డబ్బాలు ఇంకో దారిన వస్తాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గల్ఫ్‌లో మనిషి లేని వాడకట్టు ఉండదు. తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో సబ్బు, సెంటు, పాలపొడితో పాటు తెల్లబడే క్రీము కూడా ఉంటుంది. దాని మీద ఏ భాషలో ఏం రాసుందో చదివేవాళ్లు తక్కువ.

చదవాల్సిన పని ఎందుకుందో కేరళ చెప్పింది. మలప్పురం జిల్లా కోట్టక్కల్‌లోని ఆస్పత్రిలో 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని డాక్టర్లు పరిశీలించారు. అందులో 15 మందిలో జబ్బు ఒక అరుదైన రకంది. ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినట్టు తేలింది. కారణం పాదరసం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అది అడ్డుకుంటుంది, అందుకే తెలుపు వస్తుంది. తర్వాత చర్మం గుండా రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీకి చేరి, రక్తాన్ని వడకట్టే జల్లెడను పాడుచేస్తుంది. మూత్రం నురగ కడుతుంది, పాదాలు వాస్తాయి. అప్పటికి ముఖం మాత్రం అద్దంలో బాగానే కనిపిస్తుంది.

"అకోలా సంగతి నీకు చెప్పాల్నె," అన్నది వదిన. పెన్‌గంగ అవతల, విదర్భలో ఉన్న ఊరది. 2023 మొదట్లో పత్రికల్లో వచ్చిన కథనాల ప్రకారం అక్కడ ఒక బయోటెక్నాలజీ విద్యార్థిని స్థానిక బ్యూటీషియన్ దగ్గర క్రీము కొన్నది. ముఖం తెల్లబడటం చూసి తల్లీ అక్కా కూడా రాశారు. ముగ్గురికీ కిడ్నీలు దెబ్బతిన్నాయి. ముంబయిలోని కేఈఎం ఆస్పత్రిలో పరీక్షిస్తే క్రీములో పాదరసం బయటపడింది.

బ్యూటీషియన్ అన్న మాట దగ్గర మరదలు తల దించుకున్నది.

2020 డిసెంబరులో వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం, కళ్లకు పెట్టుకునేవి తప్ప మిగతా సౌందర్య సాధనాల్లో తెలియకుండా చేరిన పాదరసం కూడా పది లక్షల పాళ్లలో ఒక పాలు దాటకూడదు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2014లో 32 ఫెయిర్‌నెస్ క్రీములు పరీక్షిస్తే వాటిలో 14 క్రీముల్లో పాదరసం కనిపించింది, గరిష్ఠంగా 1.97 పాళ్లు. కిడ్నీలు పాడుచేసే పేరులేని డబ్బాల్లో ఉండేది దానికి వేల రెట్లు.

"చూసినవా?" అన్నది వదిన. "అందుకే నేను అనేది, పొడుగు పేర్లు చూసి భయపడకు. పేరే లేని డబ్బాకు భయపడు. లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, చేసినోని అడ్రసు, ఏమేం ఏసిండో రాసి ఉన్నదాన్ని కొను."

"రాసి ఉన్నదే కొన్నరు జపాన్‌ల," అన్నది మరదలు. 2013 జులైలో కానెబో అనే పెద్ద కంపెనీ తన తెల్లబరిచే క్రీములను వెనక్కి తీసుకుంది. రోడోడెండ్రాల్ అన్న పదార్థం వల్ల 19,000 మందికి పైగా ముఖాల మీద, చేతుల మీద తెల్లమచ్చలు లేచాయి. కంపెనీ పెద్దది, లేబుల్ ఉంది, ప్రభుత్వ అనుమతి ఉంది. "గది గూడ చెట్లల్ల దొరికేదేనంట," అని కలిపింది. తన నేచురల్‌కు తనే కోత పెట్టుకున్నట్టు ఆమెకు తెలుసు, అయినా చెప్పింది.

కెరాటిన్ దగ్గర ఇద్దరికీ గొడవే రాలేదు. జుట్టు సాపు చేసే ఆ ద్రావణాల్లో కొన్ని, ఇస్త్రీ వేడికి, ఫార్మాల్డిహైడ్ ఆవిరి వదులుతాయి. అది మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ఫార్మాల్డిహైడ్ లేదని అమ్మే కొన్నిట్లో గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉంటుంది. ఒకే సెలూన్‌లో 2020, 2021, 2022లో మూడుసార్లు జుట్టు సాపు చేయించుకుని, మూడుసార్లూ కిడ్నీ దెబ్బతిన్న 26 ఏళ్ల యువతి గురించి ఫ్రాన్స్ డాక్టర్లు 2024లో రాశారు. అమెరికాలో 33 వేలకు పైగా ఆడవాళ్లను దాదాపు పదకొండేళ్లు గమనించిన పరిశీలన 2022లో వచ్చింది. స్ట్రెయిటనర్ ఎన్నడూ వాడని వాళ్లలో డెబ్బయ్యేళ్ల వయసుకు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం. ఏడాదికి నాలుగుసార్ల కంటే ఎక్కువ వాడినవాళ్లలో 4.05 శాతం. ఇది సంబంధమే తప్ప రుజువు కాదని వదిన అనబోయింది. మరదలు అడ్డుకున్నది.

"లెక్కలు నీకు. నాకు కండ్ల మంట. ఏసీ రూముల తలుపులు మూసి ఒక తలకు మూడు గంటలు. కస్టమర్‌కు ఏడాదికి రెండుసార్లు, నాకు వారానికి నాలుగుసార్లు. పోయిన సంక్రాంతికే బంద్ జేసిన. నెలకు పదిహేను వేలు పోతున్నయ్."

"మంచి పని చేసినవ్," అన్నది వదిన. మారు మాట లేదు.

మరదలు లేచి లోపలి నుంచి ఒక షాంపూ ప్యాకెట్ల దండ తెచ్చి వదిన ఒళ్లో పెట్టింది. "ఇప్పుడు చదువు. పెద్ద పొట్లం కాబట్టి మెహందీ చదివినవ్. ఇది చదువు."

వదిన ఒక్కో ప్యాకెట్టు తిప్పింది. పేరుంది, ధర ఉంది, ఏమేం కలిపారో లేదు. మన రూలులోనే ఆ సందు ఉంది. 60 మిల్లీలీటర్ల కంటే తక్కువ ద్రవం, 30 గ్రాముల కంటే తక్కువ ముద్ద ఉన్న ప్యాకింగ్ మీద పదార్థాల జాబితా వేయనక్కర్లేదు. అయిదారు మిల్లీలీటర్ల షాంపూ ప్యాకెట్టు ఎన్ని కోట్లు అమ్మినా దాని మీద రాత ఉండదు. మెట్‌పల్లిలో రోజంతా బీడీలు చుట్టిన ఆడమనిషి సాయంత్రం కిరాణా కొట్టులో రూపాయి, రెండు రూపాయలు పెట్టి కొనేది ఆ ప్యాకెట్టే. సీసా కొనగలిగిన వాళ్లకు జాబితా, కొనలేని వాళ్లకు రంగు బొమ్మ. చదివి జాగ్రత్తపడమని చెప్పే ప్రతి వ్యాసం ఈ గడప దగ్గర ఆగిపోతుంది. ఈ మినహాయింపును తీసేయాలి. చోటు చాలదంటే దండ అట్ట మీదైనా అచ్చు వేయించాలి.

వదిన చేయి తనకు తెలియకుండానే నుదుటి మీదికి పోయింది. కనుబొమల మధ్య, కుంకుమ కింద, పావలా బిళ్లంత తెల్లమచ్చ. ఇరవై ఏళ్లు స్టిక్కర్ బొట్టు పెట్టిన గుర్తు. బొట్టుబిళ్ల జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ చర్మంలో రంగు తయారుచేసే కణాలను చంపుతుంది. మన దేశపు చర్మవైద్యులు దీనికి బొట్టు పేరే పెట్టి దశాబ్దాలుగా రాస్తున్నారు.

"బొట్టుబిళ్ల అట్ట మీద ఏమన్న రాసి ఉండెనా వదినె?"

"లేకుండె," అన్నది వదిన. "నేను ఫార్మసిస్ట్‌ను. ఆర్నెల్లు బొల్లి అనుకున్న."

ఎండ వరండా దాటి మెట్ల మీదికి జారింది. మరదలు రంగుపొడి కాగితం పొట్లాన్ని తీసి అటూ ఇటూ తిప్పింది. నెమలి బొమ్మ తప్ప ఏమీ లేదు. గ్లౌజులు రెండు జతలు తెచ్చి ఒకటి వదినకు ఇచ్చింది. ఊదా, ఆకుపచ్చ గిన్నెలు పారబోసి, గులాబీ ఒక్కటి ఉంచారు. సగం గునుగు తెల్లగానే మిగిలింది.

ఫోను మోగింది. రేపు పొద్దున తలకు రంగు వేయాలి, సాయంత్రం బతుకమ్మ ఆడాలి అంటోంది అవతలి గొంతు.

"అక్కా, ఈ రాత్రే ఒక్క నిమిషం రా. చెవి వెనక ఒక చుక్క పెడ్త. రేపు ఇదే యాల్లకు చూసి, ఏం లేకుంటె ఎల్లుండి దసరాకు రంగేస్త... లేదక్కా, రేపు పొద్దున ఎయ్య... నాకు ఎర్కే, ఎప్పుడు ఏసేదాన్నే... మెహందీ వద్దక్కా, అందుల గూడ అదే ఉన్నది... సరే, మీ ఇష్టం. ఎనిమిది దాక తెరిచే ఉంచుత."

అవతల ఫోను పెట్టేశారు. వదిన కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నది. మరదలు గునుగు కట్ట తీసుకుని గిన్నెలో ముంచింది. కాసేపయ్యాక గ్లౌజులు తీసేసి, పార్లర్ తాళాలు పట్టుకుని మెట్లు దిగింది.